భోగి రాత్రి తప్పు చేసిన పిల్లలకు స్నేహితులను దూరం చేయకండి

సంపాదకులకు,

అయ్యా,

గజపతి జిల్లా పర్లాకిమిడి పరిసరాల్లో మొన్నటి భోగి నాటి రాత్రి జరిగిన ఒక సంఘటన గురించి, దాని తరువాత మా ప్రాంతంలోని తల్లిదండ్రులు అనుసరిస్తున్న ధోరణి గురించి మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. పిల్లల పేర్లు గాని, వీధి పేరు గాని, బడి పేరు గాని రాయడం లేదు. వాటిని బయటపెట్టకూడదని చట్టమే చెబుతున్నది.

మన వైపు భోగి మంటకు కావలసిన కట్టెలను ఇంటివారికి తెలియకుండా ఎత్తుకురావడం మగపిల్లల సరదాగా చాలాకాలం నుంచి చెల్లుబాటవుతున్నది. విరిగిన మంచం కోడు, పాత తలుపు, కంచె కర్ర పోయినా మరునాడు ఇంటి యజమాని రెండు తిట్లు తిట్టి ఊరుకుంటాడు. ఈసారి ముగ్గురు పిల్లలు, అందరూ పదిహేను పదహారేళ్ల వాళ్లు, తమను ఎప్పుడూ అదిలించే ఒక పెద్దాయనను ఉలిక్కిపడేలా చేయాలని ఆయన పశువుల శాల వెనక టపాకాయల దండ వెలిగించారు. నిప్పురవ్వ గడ్డివాములో పడి శాల కప్పు అంటుకున్నది. ఆవును, దూడను విప్పబోయిన ఆ పెద్దాయనకు రెండు చేతులూ కాలాయి, దూడకు వీపు కాలింది. పిల్లలు ఎవరికీ హాని తలపెట్టలేదన్నది ఎంత నిజమో, ఆయన చేతులు కాలడం, ఏడాదికి సరిపడా గడ్డి బూడిద కావడం అంతే నిజం. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్ని మరిచిపోయి మాట్లాడినా న్యాయం కాదని నా నమ్మకం.

ఆ ముగ్గురూ మా అబ్బాయి తరగతివారే. ఆ రాత్రి మావాడు వాళ్లతో లేడు. మరునాటి నుంచే మా వీధుల్లో ప్రతి ఇంట్లోనూ ఒకే ఆజ్ఞ వినిపించింది: వాళ్లతో మాట్లాడితే కాళ్లు విరగ్గొడతాం. బడిలో వాళ్ల పక్కన కూర్చునేవారు బల్ల మారారు, సాయంత్రం కలిసి చదువుకునేవారు తలుపులు వేసుకున్నారు. మెట్రిక్ పరీక్షలు ముంచుకొస్తున్న సమయంలో ఒక పిల్లవాడు బడి మానేశాడు, మరొకడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడం లేదని వాళ్ల అమ్మ నా దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నది. తమ పిల్లలకు కూడా కేసు చుట్టుకుంటుందన్న భయంతోనే పెద్దలు ఇలా చేస్తున్నారని నాకు తెలుసు. అందుకే చట్టం నిజంగా ఏమంటున్నదో అందరూ తెలుసుకోవాలని కోరుతున్నాను.

పద్దెనిమిదేళ్లు నిండని వారికి 2016 జనవరి నుంచి అమలులో ఉన్న 2015 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం వర్తిస్తుంది. పోలీసులు పట్టుకున్న పిల్లవాడిని ఏ పరిస్థితిలోనూ లాకప్పులో గాని, జైలులో గాని ఉంచకూడదు. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల లోపల జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఆ బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వారిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. కనీస శిక్ష ఏడేళ్లు, అంతకు మించి ఉన్న ఘోర నేరాలలోను, పెద్దవారితో కలిసి చేసిన నేరాలలోను తప్ప పిల్లలపై ఎఫ్ఐఆర్ నమోదు చేయకుండా స్టేషన్ డైరీలో రాసుకుని, పిల్లవాడి కుటుంబ పరిస్థితుల వివరాలతో బోర్డుకు పంపాలని 2016 నాటి కేంద్ర నమూనా నిబంధనలు చెబుతున్నాయి. విచారణ తరువాత బోర్డు మందలించి పంపవచ్చు, కౌన్సెలింగుకు పంపవచ్చు, సమాజ సేవ చేయమనవచ్చు, తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించవచ్చు. ఈ చట్టం కింద విచారణ జరిగిన పిల్లవాడికి ఆ కారణంగా ఉద్యోగానికో, చదువుకో అనర్హత కలగకూడదని 24వ సెక్షన్‌లో ఉన్నది. పదహారేళ్లు దాటి ఘోర నేరం చేసి, పెద్దవారితో సమానంగా శిక్ష పొందినవారి సంగతి వేరు. ఈ పిల్లలది ఆ కోవలోని విషయం కాదు. వీళ్ల బతుకు ఇంతటితో ముగిసిందని వీధి అరుగుల మీద తీర్పులు చెబుతున్నవారు దయచేసి ఈ సెక్షన్ ఒకసారి చదివించుకోవాలి.

మన సరిహద్దు ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన నాటి నుంచి ఇక్కడి తెలుగు కుటుంబాలు ఇంట్లో ఒక భాషతో, ప్రభుత్వ కచేరీలో మరొక భాషతో నెట్టుకొస్తున్నాయి. ఈ ముగ్గురిలో ఒకడిది సరిహద్దు అవతల, ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం వైపు పల్లె. మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. కబురు తెలిసి పరుగున వచ్చిన తండ్రికి ఒడియా చదవడం రాదు. ఆ కంగారులో, ఒడియాలో రాసి ఉన్న కాగితం మీద అందులో ఏముందో అడగకుండానే ఆయన వేలిముద్ర వేశాడు. బోర్డు ముందు జరిగే మాటలు పిల్లవాడికి అర్థం కాకపోతే అనువాదకుడిని ఏర్పాటు చేయవలసిన బాధ్యత బోర్డుదేనని 8వ సెక్షన్ చెబుతున్నది. ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కు కూడా అందులోనే ఉన్నది. అడిగితే అధికారులకు కోపం వస్తుందేమోనని మనవాళ్లు అడగరు. అడగాలి, తెలుగులో చదివి వినిపించిన తరువాతే సంతకం పెట్టాలి.

ఇప్పుడు స్నేహితుల విషయానికి వస్తాను, ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే. తప్పు చేసిన స్నేహితుడి పక్కన నిలబడడమంటే ఆ తప్పును కప్పిపుచ్చడం కాదని మన పిల్లలకు మనమే విడమరచి చెప్పాలి. ఆ రాత్రి ఏం జరిగిందో చూసినవాడు చూసినది చూసినట్టు చెప్పాలి. నలుగురూ కూడబలుక్కుని ఒక కథ అల్లడం, ఫోన్లలోని సందేశాలు చెరిపేయడం స్నేహం కాదు, అవి ఆ ముగ్గురినీ మరింత లోతుకు దించుతాయి. బడి మానేసిన వాడికి నోట్సు తీసుకెళ్లి ఇవ్వడంలో, ఉదయం వాడి ఇంటి ముందు ఆగి బడికి వెంట తీసుకెళ్లడంలో ఏ చట్టానికీ అభ్యంతరం లేదు. పెద్దాయన కుటుంబం సరేనంటే పిల్లలందరూ వెళ్లి శాల కప్పు వేయడానికి చేయందించవచ్చు. నష్టపరిహారం ఆ మూడు కుటుంబాలు ఇవ్వవలసిందే, అందులో తగ్గింపు కోరడం లేదు. కాని కాలిన చేతులతో ఉన్న మనిషి దగ్గరికి ఆ ముగ్గురూ తలదించుకుని వెళ్లి క్షమించమని అడగడానికి, వెనక ఒక తోటివాడు ఉంటే వచ్చే ధైర్యం వేరు. పదిహేనేళ్ల వయసులో తండ్రి మాట కంటే స్నేహితుడి మాటే ముందుగా చెవికెక్కుతుందని పిల్లలను పెంచిన మనందరికీ తెలుసు.

మంటలను ఫోన్‌లో చిత్రీకరించిన వీడియో, ఆ ముగ్గురి ముఖాలతో పేర్లతో సహా, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. దాన్ని పంపినవారిలో పెద్దవాళ్లే ఎక్కువమంది కావడం నన్ను ఎంతో బాధించింది. కేసులో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడగల నేరం. ఈ నిషేధం పత్రికలకే పరిమితం కాదు.

అన్నింటికంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. సిగ్గుతో, భయంతో ముడుచుకుపోయిన పిల్లవాడు తన మనసులోని మాటను మొదట చెప్పుకునేది స్నేహితుడికే. బతకాలని లేదు అన్న మాట ఎవరి నోటి నుంచి విన్నా, ఎవరికీ చెప్పనని ఒట్టు వేసినా సరే, వెంటనే ఒక పెద్దవారికి చెప్పాలని మన పిల్లలకు నేర్పాలి. మానసిక వేదనలో ఉన్నవారి కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ సేవ 14416 నంబరులో రాత్రింబగళ్లు ఉచితంగా అందుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. స్నేహితులందరినీ దూరం చేసేస్తే ఆ మాట వినే మనిషే ఉండడు.

కాబట్టి ఆ ముగ్గురినీ ఎప్పటిలాగే తరగతిలో కూర్చోబెట్టి పరీక్షలు రాయించాలని బడి పెద్దలను, పిల్లల మీద పెట్టిన ఆంక్షలను తొలగించాలని మా ప్రాంతపు తల్లిదండ్రులను వేడుకుంటున్నాను. ఉచిత న్యాయ సహాయానికి 15100, ఆపదలో ఉన్న పిల్లలకు 1098 నంబర్లు ఉన్నాయన్న సంగతిని, అనువాదకుడిని కోరే హక్కు ఉన్నదన్న సంగతిని, ఇక్కడి పోలీసు స్టేషన్లలోను, ఉన్నత పాఠశాలల్లోను ఒడియాతో పాటు తెలుగులో కూడా రాసి పెట్టించాలని జిల్లా న్యాయ సేవల అధికార సంస్థను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థి తల్లి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.