డిస్లెక్సియా ఉన్న పిల్లలకు చదవడం ఎలా నేర్పాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

తెలివికి లోటు లేకపోయినా చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా మీద మీరు వేసిన వ్యాసం చదివాను. ఈ విషయం పేపర్లోకి వచ్చినందుకు సంతోషమే, కానీ తల్లిదండ్రులకు అందులో ఇచ్చిన సలహాలు చూశాక రాయకుండా ఉండలేకపోయాను. పుస్తకం మీద రంగు ప్లాస్టిక్ షీటు పెట్టి చదివించండి, ప్రత్యేకమైన ఫాంట్ వాడండి, పదం రాకపోతే బొమ్మ చూసి ఊహించమనండి, ఇంతే ఉంది. చదవడం ఎలా నేర్పాలన్న ముక్క ఒక్కటీ లేదు. నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్న విద్యార్థినిని, నా ప్రాజెక్టు ఈ బోధన పద్ధతుల మీదే.

ముందు రంగు షీట్ల సంగతి. డిస్లెక్సియా కంటి జబ్బు కాదు. ఆ పేరు పెట్టింది రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటి డాక్టరు, 1887లో. కళ్లలోనే ఏదో లోపం ఉందన్న అనుమానం ఇన్నేళ్లు పోకపోవడానికి అదీ ఒక కారణమేమో. నిజానికి ఎక్కువమంది పిల్లలకు కష్టమయ్యేది పదంలోని శబ్దాలను విడదీసి పట్టుకోవడం, వాటిని అక్షరాలతో కలపడం. రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు పనిచేస్తాయనడానికి సరైన ఆధారం లేదని అమెరికాలో పిల్లల డాక్టర్లు, కంటి డాక్టర్ల సంఘాలు కలిసి 2009లోనే చెప్పాయి. అక్షరాల మధ్య ఎడం కాస్త పెంచితే కొందరికి సులువుగా ఉండొచ్చు, కాదనను, కానీ దాంతో చదవడం రాదు కదా.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ ఊహించమనే సలహా. చదవడమంటే ఒకరకంగా ఊహించడమే అని 1967లో కెనెత్ గుడ్‌మన్ అనే ఆయన ప్రతిపాదించాడు, తరగతి గదుల్లోకి అది బాగా పాకింది. తర్వాతి పరిశోధనల్లో తేలింది దానికి తలకిందులు: బాగా చదివేవాళ్లు అక్షరాలనే చూస్తారు, ఊహ మీద ఆధారపడేది చదవడం రానివాళ్లు. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో చాలామంది తెలివైనవాళ్లు, బొమ్మనీ మొదటి అక్షరాన్నీ చూసి, పక్కవాడు చదివింది గుర్తుపెట్టుకుని ఒకటి రెండు తరగతులు గట్టెక్కేస్తారు. పుస్తకాల్లో బొమ్మలు తగ్గి పాఠాలు పెద్దవయ్యేసరికి దొరికిపోతారు, అప్పటికి ఇంట్లో బడిలో అందరూ బద్ధకం అని ముద్ర వేసేసి ఉంటారు.

మరి ఏం చేయాలి? శామ్యూల్ ఆర్టన్ అనే డాక్టరు, అన్నా గిల్లింగ్‌హామ్ అనే టీచరు 1930ల నాటికే ఒక దారి వేశారు. ఒక్కో శబ్దం, దాని అక్షరం, తేలికైన వాటి నుంచి కష్టమైన వాటి వైపు వరుసగా. పలుకుతూ, వింటూ, రాస్తూ నేర్చుకోవడం. నిన్నటిది గట్టిపడ్డాకే ఇవాళ్టిది. ఈ పద్ధతి పేరుతో వచ్చిన అధ్యయనాలను 2021లో ఒకచోట చేర్చి చూస్తే ఫలితం మంచివైపే ఉన్నా, గట్టిగా రుజువైందనేంత లేదు. కాబట్టి ఆ పేరు తగిలించుకున్న ఖరీదైన కోర్సు కనబడగానే నమ్మేయొద్దు. ఇసుకలో దిద్దించడం వల్లనే చదువు వచ్చేస్తుందనీ అనుకోవద్దు, దిద్దుతూ ఆ శబ్దం పలకాలి. బలమైన ఆధారం ఉన్నది వరుసక్రమంలో, విడమరిచి శబ్దాలూ అక్షరాలూ నేర్పడానికి. చదవడం నేర్పే పద్ధతులపై పరిశోధనలను పరిశీలించిన అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదికలోనూ అదే ఉంది.

దీనికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. రష్యన్ మనస్తత్వవేత్త ఎల్కోనిన్ చెప్పిన పద్ధతిలో కాగితం మీద పక్కపక్కనే గళ్లు గీసి, పిల్లవాడు పదాన్ని మెల్లగా పలుకుతూ ఒక్కో శబ్దానికి ఒక్కో బిళ్లను గడిలోకి జరుపుతాడు, అది అలవాటయ్యాక బిళ్లల చోట అక్షరాలు వస్తాయి. నాకు ఇది చాలా నచ్చింది, ఎందుకంటే ఎక్కడ తడబడుతున్నాడో టీచరుకు అక్కడికక్కడే కళ్లకు కనబడుతుంది.

తెలుగులాంటి, రాసినట్టే పలికే భాషల్లో ఇంకో చిక్కుంది. ఇటాలియన్, ఫిన్నిష్‌లలో చూసిందేమిటంటే అక్కడ డిస్లెక్సియా తప్పుల కంటే నెమ్మదిలోనే ఎక్కువగా బయటపడుతుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాడు. "చదువుతున్నాడుగా, కాస్త స్లో అంతే" అని వదిలేస్తే ఎలా? అలాంటి పిల్లలతో ఒకే చిన్న పేరాను పక్కన కూర్చుని, అందరి ముందూ నిలబెట్టకుండా, ధారాళంగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చదివించాలి. ఈలోగా సైన్సు, సోషల్ పాఠాలు చదివి వినిపించండి. చదివింది అర్థం కావాలంటే అక్షరాలు పట్టుకోవడంతోపాటు భాష కూడా తెలిసి ఉండాలి, వినడం ఆపేస్తే ఆ రెండోదీ పోతుంది.

మా ట్రైనింగ్‌లో డిస్లెక్సియా అంటే నిర్వచనం, లక్షణాలు. పరీక్షలో రాస్తాం, అయిపోతుంది. ఒక పిల్లవాడి పక్కన కూర్చుని ఎలా నేర్పాలో ఎవరూ చేసి చూపించరు. దీని గురించి మీ పత్రిక గట్టిగా అడగాలని కోరుతున్నాను.

తల్లిదండ్రులకు ఒక మాట. పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెచ్చుకోండి, పరీక్షల్లో అదనపు సమయం అడగడానికి పనికొస్తుంది. అది ఇంకా చేతికి రాలేదని నేర్పడం ఆపొద్దు, పెద్దయితే అదే వస్తుందని ఎదురు చూడనూ వద్దు. ఒకటో తరగతి పిల్లవాడు పదంలోని శబ్దాలు విడదీయలేకపోతుంటే ఆ గళ్ల కాగితంతో ఈ వారమే మొదలుపెట్టండి, రోజూ కాసేపు.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయ విద్యార్థిని