పెరిగాయి అనాలి

శాలిబండ,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జీ,

నీ కొరియర్ శుక్రవారం వచ్చింది. మీ నాన్న కత్తెర పట్టుకుని కవరు చించబోతుంటే ఆపాను. అంచున్న పళ్ళెం తెచ్చి, దాంట్లో తెల్లగుడ్డ పరిచి, అప్పుడు విప్పాను. ఉత్త పళ్ళెంలో పోస్తే పూసలు ఎగిరి ఫ్రిజ్ కిందకి పోతాయి. అక్కడికి పోయినవి మళ్ళీ దీపావళి శుభ్రాలప్పుడే దొరుకుతాయి.

నువ్వు గుచ్చి అమ్మిన నల్లపూసల గొలుసు, కొన్న పిల్ల మెళ్ళోంచి ఊడి పడిందని ఫోన్లో నువ్వు ఏడుస్తూ చెప్పింది నాకు సగమే అర్థమైంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. వీడియో కాల్ చేస్తే నువ్వు నా మొహం చూస్తావు తప్ప చెయ్యి చూడవు. నల్లపూసలు చేసి అమ్మడం మొదలుపెట్టాక నువ్వే నల్లపూసవైపోయావు, అది వేరే సంగతి. పూసగుచ్చినట్టు రాస్తాను, తీరిగ్గా చదువు.

ముందు లెక్క. నువ్వు చీటీలో రాసినవి నల్లపూసలు 216, ముత్యాలు 18, క్రిస్టల్ పూసలు 36. పళ్ళెంలో తేలినవి ముత్యాలు 18, క్రిస్టల్ 36, నల్లపూసలు 203. అంటే గృహప్రవేశంలో ఆ పిల్ల గొలుసు ఊడి పడినప్పుడు జనం ముత్యాలన్నీ ఏరిచ్చారు, నల్లవి 13 మాత్రం ఎవరికీ కనిపించలేదు. సరే, అవి నేను సర్దాను. ఎలాగో చివర్లో చెప్తాను.

తర్వాత దారం. నువ్వు దారం పాడైంది, మంచి దారం కొంటాను అన్నావు కదా. రెండు ముక్కలూ కిటికీ దగ్గర పెట్టుకుని మీ నాన్న భూతద్దంతో చూశాను. దారం దానంతటది తెగితే చివర పోగులు పొడుగ్గా, కుచ్చులా విడిపోతాయి. నీ దారం చివర పొట్టిగా, నూగునూగుగా ఉంది. అంటే ఏదో కోసింది. కొక్కెం నుంచి మూడో పూస క్రిస్టల్. దాని బెజ్జం మూతి మీద గోరు పెట్టి తిప్పితే గోరు గీసుకుపోయింది. నీ దొంగ అదే. కొక్కెం దగ్గర గొలుసు ఎక్కువ కదులుతుంది. మెడ తిప్పినప్పుడల్లా, జడ లాగినప్పుడల్లా ఆ పూస రంపంలా అటూ ఇటూ ఆడింది. ఎంత మంచి దారమైనా దాని ముందు నెల రోజులు నిలవదు.

పాపానాయుడుపేట, ఆ గాజు పూసలు చేసే ఊరు, నీకు గుర్తుందా? నీకు ఐదేళ్ళు. శ్రీకాళహస్తిలో దర్శనం చేసుకుని తిరుపతి వస్తూ ఏర్పేడు దగ్గర ఆగాం. మీ నాన్న ఆఫీసులో ఆయనది ఆ ఊరే, చూసి వెళ్ళండి అని మరీ మరీ చెప్పారు. కొలిమి దగ్గర వేడికి నువ్వు నా కొంగులో మొహం దాచుకున్నావు. కరిగిన గాజు ముద్దని లోపల డొల్లగా ఉన్న ఇనప గొట్టం చివర పట్టించి, మళ్ళీ కొలిమిలో పెట్టి, దాని మొన కొక్కేనికి తగిలించి లాగుతుంటే సన్నటి గాజు గొట్టం అలా సాగుతూనే ఉంది. లోపలి బెజ్జం కూడా దాంతోపాటే సాగుతుంది. ఒక్కో పూసకీ విడిగా బెజ్జం వెయ్యక్కర్లేదు. ఆ గొట్టాల్ని చిన్న చిన్న ముక్కలుగా కొడతారు. కొట్టిన ముక్క అంచు కత్తిలా ఉంటుంది. అందుకని వాటిని బూడిదలో కలిపి మళ్ళీ కాలుస్తారు. బూడిద బెజ్జంలోకి పోయి అది పూడకుండా చూస్తుంది, పూసలు ఒకదానికొకటి అతుక్కోకుండానూ చూస్తుంది. ఆ వేడికి అంచులు కరిగి గుండ్రబడతాయి. పుదుచ్చేరి పక్కన అరికమేడులో రెండు వేల ఏళ్ళ కిందటే ఈ పద్ధతిలో పూసలు చేసేవాళ్ళట. అక్కణ్ణుంచి ఓడల మీద ఆగ్నేయాసియా దాకా వెళ్ళేవట. అప్పుడు నాకు అదంతా వింతగా అనిపించింది కానీ, రెండోసారి ఎందుకు కాలుస్తారో మాత్రం అక్కడికక్కడే అర్థమైంది. అప్పటికి ముత్యాలు గుచ్చీ గుచ్చీ ఉన్న చెయ్యి కదా.

నీ క్రిస్టల్ పూసకి ఆ రెండో కాల్పు లేదు. మిషన్ మీద పలకలు కోశారు, బెజ్జం వేశారు, పొట్లం కట్టారు. చవకవాటిలో మూతి నున్న చెయ్యరు. కొనేటప్పుడే చూసుకో. పొట్లంలోంచి నాలుగు పూసలు తీసి, కుట్టు దారం మీద వేసి, పదిసార్లు అటూ ఇటూ లాగు. దారం మీద నూగు లేచిందా, ఆ పొట్లం వద్దు. షాపువాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ. బేగంబజార్‌లో నన్ను చూడగానే "అమ్మా, ఇవాళ ఎన్ని దారాలు పాడు చేస్తారు" అనేవాళ్ళున్నారు.

క్రిస్టల్ వెయ్యక తప్పదంటే దారం వద్దు, గేర్ వైర్ వాడు, అదే పూత వేసిన సన్న ఉక్కు తీగ. గేర్ లాక్‌ని, అదే చివర వైర్‌ని పట్టి ఉంచే చిన్న లోహపు పూసని, ప్లయర్‌తో అప్పడంలా నొక్కెయ్యకు, నీ పాత గొలుసు ఒకటి చూశాను, వైర్ సగం తెగి ఉంది. వైర్ కదలకుండా నిలిస్తే చాలు. కొక్కెంలో వైర్ తిరిగే చోట సన్న స్ప్రింగు తొడుగు. అది పది రూపాయల పని కూడా కాదు, నువ్వు బద్ధకించావు.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమె పంపిన మెసేజ్ నాకు చూపించావు. "ఆమెకి అంత కోపమెందుకమ్మా, డబ్బు వెనక్కిచ్చేశాను కదా" అన్నావు. నీ జవాబు కూడా చదివాను. "మీ నల్లపూసలు తెగిపోయినందుకు సారీ" అని రాశావు. పిచ్చిదానా, అవి తెగాయి అనకూడదు. పెరిగాయి అనాలి. మా అమ్మ అయితే ఆ మాట అన్నందుకు నా నెత్తిన మొట్టేది. నువ్వు ఇవి నమ్మవు, నమ్మమని నేనూ అనను. కానీ ఆమె మెళ్ళో పడింది అది. నలుగురు ముత్తయిదువల మధ్య, కొత్తింట్లో, అత్తగారి ముందు నల్లపూసలు నేలపాలయ్యాయి. అక్కడ ఎవరో ఒక పెద్దావిడ ఏదో అనే ఉంటుంది. ఆమెకి కష్టంగా ఉంది ఆ మాట, నీ 450 రూపాయలు కాదు. అందుకే డబ్బు వెనక్కిచ్చినా చల్లబడలేదు. ఫోన్ చేసి మాట్లాడు. "పెరిగాయట కదండీ, మా అమ్మ మళ్ళీ గుచ్చి పంపింది" అను.

నా పని గురించి నువ్వెప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. 1996లో నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు పత్తర్‌గట్టిలో ఒక షాపు నుంచి ముత్యాలు ఇంటికి తెచ్చుకుని గుచ్చేదాన్ని. అసలు బస్రా ముత్యం, అంటే గల్ఫ్ సముద్రపు సహజ ముత్యం, నా చేతికి వచ్చింది రెండే సార్లు, అదీ పాత దండ విప్పి మళ్ళీ గుచ్చడానికి. మిగతావన్నీ చైనా మంచినీటి ముత్యాలే. కొన్ని బియ్యపు గింజల్లా సన్నగా ఉండేవి. ముత్యానికి బెజ్జం ఎంత సన్నగా ఉంటుందో నీకు తెలుసు. ధర బరువు మీద కదా, బెజ్జం పెద్దదైతే పొడి రూపంలో పోయేది డబ్బే. అందుకని సూది పట్టదు. సిల్కు దారం చివర ఫెవిక్విక్ చుక్క అద్ది, ఆరాక కత్తెరతో ఏటవాలుగా కోస్తే దారమే సూది అవుతుంది. కొత్త సిల్కు సాగుతుంది. అలాగే గుచ్చితే ఆర్నెల్లకి ముత్యాల మధ్య దారం బయటికి కనపడుతుంది. అందుకే ముందు రాత్రి మేకుకి వేలాడదీసి, కింద బీరువా తాళాల గుత్తి కట్టేదాన్ని. మీ నాన్న తాళాల కోసం ఇల్లంతా వెతికేవారు.

ముడి ఇలా. ముత్యం ఎక్కించాక దారాన్ని ఎడమ చేతి రెండు వేళ్ళ మీదుగా వదులుగా ఉచ్చు వేసి, అప్పటిదాకా గుచ్చిన దండ మొత్తాన్ని ఆ ఉచ్చులోంచి కిందికి దించాలి. ఉచ్చు బిగించకుండా దాంట్లో గుండుసూది మొన పెట్టాలి. ఇప్పుడు సూదితో ఉచ్చుని నెమ్మదిగా ముత్యం వైపు జరుపుతూ రా. ముత్యానికి ఆనుకోగానే సూది లాగెయ్, అదే క్షణంలో బొటనవేలి గోరుతో ముడిని నొక్కు. తర్వాత రెండు పోగుల్ని విడదీసి చెరోవైపు లాగితే ముడి బెజ్జం మూతి మీద కూర్చుంటుంది. వెంట్రుకవాసి ఖాళీ వచ్చినా విప్పడం కుదరదు, సిల్కు ముడి విప్పితే దారం పాడే. మొదటి నెలలో నేను కోసి పారేసిన దారం చూసి మీ నానమ్మ పావురాళ్ళ గూటికి పనికొస్తుందని వేళాకోళం చేసింది.

ఒక్కో ముత్యానికీ ముడి ఎందుకంటే, ముత్యం చాలా మెత్తన, పక్కదానితో రాసుకుంటే మెరుపు పోతుంది. పైగా దండ ఎక్కడ తెగినా జారేది ఒక్కటే. ఆ ముడే గనక నీ 18 ముత్యాలకి వేసి ఉంటే ఆ రోజు సగం పూసలు గొలుసులోనే నిలిచేవి.

ఒకసారి ఆ షాపాయన రెండు ముత్యాలు తక్కువొచ్చాయని నా నెల కూలి మొత్తం పట్టుకున్నాడు. నేను లెక్క రాసుకోలేదు, నోరెత్తలేకపోయాను. పది రోజుల తర్వాత ఆ రెండూ ఆయన కాగితం పొట్లం మడతలోనే దొరికాయి. డబ్బిచ్చాడు, సారీ మాత్రం చెప్పలేదు. అప్పటినుంచే ఈ లెక్క పుస్తకం. తీసుకునేటప్పుడు వాళ్ళ ముందే లెక్కపెట్టి రాసుకుంటాను, ఇచ్చేటప్పుడూ అంతే. నువ్వు చీటీ రాసి పంపావు చూడు, అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

2006లో నిజాం నగలు సాలార్‌జంగ్ మ్యూజియంలో పెట్టినప్పుడు నిన్ను తీసుకెళ్ళాను. కేంద్రం 1995లో 218 కోట్లకి కొన్నవి. నువ్వు జాకబ్ వజ్రం చూసి "ఇంతేనా" అన్నావు. నేను సత్‌లడా దగ్గర నిలబడిపోయాను. ఏడు పేటలు, 465 బస్రా ముత్యాలు. అందరూ ముత్యాలు చూస్తున్నారు. ముడి ఎలా వేశారో, దారం ఏ రంగో చూద్దామని నేను అద్దానికి ముక్కు ఆనించాను. గార్డు "చలో చలో" అని తోసేశాడు. ఇప్పటికీ ఆ ముడి చూళ్ళేదన్న బాధ ఉంది నాకు.

ఇక అసలు గొడవ పెట్టుకోవాల్సింది ఇక్కడ. నీ చీటీ వెనకాల ఖర్చు లెక్క ఉంది. పూసలకి 260, కొక్కెం లాకెట్‌కి 90, కొరియర్ 60. మొత్తం 410. అమ్మింది 450కి. నాలుగు గంటలు పట్టిందన్నావు. అంటే గంటకి పది రూపాయలు. 1996లో నాకు ముడులు వేసిన దండకి ఆరు రూపాయలు, గంటన్నర పట్టేది. అంటే గంటకి నాలుగు. అప్పటి నాలుగు ఎక్కువో ఇప్పటి పది ఎక్కువో నువ్వే లెక్క కట్టు, ఎంబీఏ చదివింది నువ్వు.

"సరదాకి చేస్తున్నా కదమ్మా, జీతం వస్తోంది కదా" అంటావు. నీకు వస్తోంది. దీని మీదే ఇల్లు నడిపేవాళ్ళు అదే గొలుసు 800 చెప్తే, నీ ఫోటో చూపించి "ఆ అమ్మాయి 450కే ఇస్తోంది" అని బేరమాడతారు. ఆ మాట నేను ఎదురుగా పడ్డదాన్ని. పూసలు ఎవరైనా కొనుక్కోవచ్చు బుజ్జీ. నువ్వు అమ్మేది గుచ్చడం. దానికి ధర వెయ్యి, లేదా ఊరికే ఇచ్చెయ్, స్నేహితులకి కానుకగా. మధ్యలో ఈ 40 రూపాయలు మాత్రం వద్దు.

మానేస్తానన్నావు. మానేస్తే మానెయ్. నేను బతిమాలను. కానీ ఈ ఒక్కటీ ఆమెకి చేరాక మానెయ్.

గొలుసు గేర్ వైర్ మీద మళ్ళీ గుచ్చాను. క్రిస్టల్ 36లో మూతి కోసేవి 11 తేలాయి, వాటిని తీసేసి నా దగ్గరున్న నున్నటివి వేశాను. నీ 11 విడిగా పొట్లం కట్టాను, షాపువాడికి చూపించు. తగ్గిన 13 నల్లపూసలు నా డబ్బాలోవి. పాపానాయుడుపేటలో నువ్వు గౌను ఒడిలో పోయించుకుని, బస్సులో సగం పారబోసినవే అవి. రంగులో పిసరంత తేడా ఉంది, అందుకే మెడ వెనక, కొక్కెం దగ్గర వేశాను. ఆమెకి చెప్పక్కర్లేదు. వైరు మీ నాన్నే ఎక్కించి ఇచ్చారు, నా ఎడమ కంటికి పొర ముదిరిందని డాక్టరు అన్నాడు. సంక్రాంతి తర్వాత ఆపరేషన్ అనుకుంటున్నాం, నువ్వు సెలవు చూసుకో.

ఒక లచ్ఛి సిల్కు దారం, రెండు గుండుసూదులు, పాత చైనా ముత్యాలు 20 కూడా పెట్టాను. ముడి అభ్యాసానికి. లెక్కపెట్టి చేరాయని రాయి. పొట్లం విప్పేముందు ఫ్యాన్ ఆపు, కింద దుప్పటి పరుచుకో.

అమ్మ