కుండ దగ్గర మొదలైన ప్రశ్నలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఒంటిపూట బడులు మొదలయ్యాక ఏడో తరగతి గదిలో ఒక మట్టి కుండ, దాని పక్కన స్టీలు బిందె పెట్టించాం. రెండింట్లోనూ ఒకే బోరు నీళ్ళు. పొద్దున ఒకసారి, బడి వదిలే ముందు ఒకసారి పిల్లలే థర్మామీటరు పెట్టి రాసుకుంటున్నారు.

మొదటి రోజు సైన్సు టీచరుగారు "కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడ్డాయి? మీకేమనిపిస్తోంది?" అని అడిగితే క్లాసంతా నిశ్శబ్దం. ఒకమ్మాయి మాత్రం లేచి "ఇది పరీక్షలో వస్తుందా టీచర్?" అంది.

తెలియక కాదు ఆ మౌనం. పెద్దవాళ్ళకు ఎదురు ప్రశ్నలు వెయ్యకూడదని మన ఇళ్ళల్లో నేర్పుతాం. నేనూ నా పిల్లలకు అదే నేర్పాను. అలా పెరిగిన పిల్లల్ని నిలబెట్టి "నీ అభిప్రాయం చెప్పు" అంటే టెన్షన్ పడతారు తప్ప నోరు విప్పరు. అందుకని పద్ధతి మార్చాం. ముందు ఇద్దరిద్దరుగా మాట్లాడుకోవాలి, తర్వాత చీటీ మీద రాయాలి. పేరు అక్కర్లేదు.

ఇక చూడండి! "మా అమ్మమ్మ వాళ్ళది బందరు. అక్కడ కుండలో నీళ్ళు ఇంత చల్లగా ఉండవు, ఎందుకు?" అని ఒక చీటీ. కుండ పైకి ఊరిన చెమ్మ ఆవిరవుతూ నీళ్ళలోని వేడిని లాక్కుపోతుంది. సముద్రపు గాలిలో అప్పటికే తేమ ఎక్కువ, కాబట్టి అక్కడ ఆవిరవడం నెమ్మదిస్తుంది. పిల్లలు ఇక్కడికి రావడానికి మూడు రోజులు పట్టింది. టీచరుగారు చెప్పేస్తే మూడు నిమిషాల పని.

రంగు పూసిన కుండ సరిగా చల్లబడదని ఇంకో చీటీ. రాసింది ఎవరా అంటే, ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునే అబ్బాయి. వాళ్ళ తాతగారు కుండలు చేస్తారు. ఆ సంగతి బడిలో ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. కుండకుండే సన్నటి రంధ్రాలను రంగు ఎలా మూసేస్తుందో ఆ రోజు అతనే క్లాసుకి వివరించాడు. బడి బయటి జీవితంతో చదువును కలపమని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. అదెలా ఉంటుందో మాకు చూపించింది ఈ పిల్లాడే.

ఈ హడావుడిలో సిలబస్ ఒక పాఠం వెనకబడిన మాట నిజమే. ఏప్రిల్ మొదటి వారంలో పూర్తి చేస్తాం.

వచ్చే వారం ప్రశ్న: ఎండాకాలంలో పాలు ఎందుకు త్వరగా తోడుకుంటాయి? పిల్లలు ఇంట్లో నాయనమ్మనో అమ్మమ్మనో అడుగుతారు, అడగనివ్వండి. ఫోన్లో వెతికి జవాబు రాయించి మాత్రం పంపకండి. రెండు గిన్నెల పాలు పాడైతే కాస్త ఓర్చుకోండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు