రాత్రి తొమ్మిది గంటల నుంచి మొదలుపెడదాం: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

నాట్లు మొదలయ్యాయి. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు తెల్లవారకముందే చేలోకి వెళ్లిపోతుంటే పిల్లలు తమంతట తామే లేచి, ఏదో ఇంత తిని బడికి వస్తున్నారు. మొదటి రెండు పీరియడ్లలో కునికిపాట్లు పడేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. పిల్లలకు చదువు మీద ధ్యాస లేదనీ, ఊరికే చిరాకుపడుతున్నారనీ మీరు మాతో అంటున్న మాటల్లో చాలావాటికి కారణం నిద్ర చాలకపోవడమే. అందుకే ఈ నెల ఆరోగ్యపు అలవాట్ల సంగతి నిద్రతో మొదలుపెడుతున్నాం.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు. లేచే వేళ నుంచి వెనక్కి లెక్క వేయండి. ఆరింటికి లేచే ఆరో తరగతి పిల్ల తొమ్మిదింటికల్లా నిద్రపోవాలి. ఐదింటికి ట్యూషన్ కోసం లేచే పదో తరగతి పిల్లవాడికీ అదే తొమ్మిది. వాణ్ణి పదకొండు దాకా కూర్చోబెడితే మిగిలేది ఆరు గంటలే. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, ఆ రెండు గంటల అదనపు చదువు వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ.

పడుకోమని పదిసార్లు చెప్పినంత మాత్రాన పిల్లలు పడుకోరు. ఇంట్లో కొన్ని ఏర్పాట్లు మారాలి. ఎనిమిదిన్నరకు ఇంట్లో అందరి ఫోన్లూ వంటింటి గూట్లో ఛార్జింగ్‌కు పెట్టండి. మీ ఫోన్ మంచం మీద ఉండగా పిల్లల ఫోన్ ఒక్కటే గూట్లో ఉండాలంటే ఎక్కువ రోజులు సాగదు. అలారం కోసమే ఫోన్ కావాలంటే మామూలు అలారం గడియారం కొనివ్వండి. టీవీ ఉన్న గదిలోనే పిల్లలు పడుకుంటే తొమ్మిదికి టీవీ కట్టేయాల్సిందే. సౌండ్ తగ్గిస్తే సరిపోదు, కదిలే వెలుతురు కూడా నిద్రను చెడగొడుతుంది. సాయంత్రం నాలుగు దాటాక టీ, కాఫీ ఇవ్వకండి. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. ఫోన్ గూట్లో పెట్టాక పుస్తకాల సంచి సర్దించి, రేపు చేయాల్సిన పనులు కాగితం మీద రాయించండి. ఐదు నిమిషాల పని. బుర్రలో తిరిగే ఆలోచనలు కాగితం మీదికి వస్తే నిద్ర త్వరగా పడుతుంది.

ఇవన్నీ చేసినా ఆదివారం దగ్గర గాడి తప్పుతారు. ఆదివారం పదింటి దాకా పడుకోనిస్తే ఆ రాత్రి నిద్ర రాదు, సోమవారం పొద్దున్న లేవలేరు. సెలవు రోజునా లేచే వేళ గంటకు మించి మారకుండా చూడండి. పదమూడేళ్లు దాటిన పిల్లలకు రాత్రి నిద్ర ఆలస్యంగా రావడం శరీర ధర్మం, మొండితనమనుకుని తిట్టవద్దు. లేవగానే ఒక పావుగంట ఆరుబయట వెలుతురులో ఉంటే శరీరంలోని గడియారం కొంత ముందుకు జరిగి, రాత్రి నిద్ర త్వరగా వస్తుంది. మా వైపు నుంచి ఒక మాట: ఈ నెల నుంచి తరగతి వాట్సాప్ గ్రూపుల్లో సాయంత్రం ఏడు దాటాక హోంవర్క్ పెట్టం.

గల్ఫ్‌లో ఉన్న తల్లులకు, ఇక్కడ పిల్లల్ని చూసుకుంటున్న అమ్మమ్మలకు, మామ్మలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి తొమ్మిదికి పని తెమిలి ఫోన్ చేస్తే ఇక్కడ పదకొండున్నర. ఆ మాటలు పిల్లలకు అన్నంతో సమానం, మానమని ఎవరూ అనకూడదు. బడి ఉన్న రోజుల్లో మాత్రం ఆ వేళకు వాయిస్ మెసేజ్ పంపితే పిల్లలు పొద్దున్న లేచి విని, బడికి బయల్దేరేముందు జవాబు చెబుతారు. తీరిగ్గా మాట్లాడుకునే వీడియో కాల్ వారాంతంలో పెట్టుకోండి.

ఇక తిండి. మన కంచంలో అన్నమే ఎక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. పప్పుదినుసులు, మాంసాహారం నుంచి 14 నుంచి 15 శాతం రావాలి. దీనికోసం కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచండి, గుడ్డో చేప ముక్కో చేర్చండి. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. గంజి వారిస్తే బి విటమిన్లు దాంతోపాటే పోతాయి, అత్తెసరు పెట్టుకోవడం మేలు. పొద్దున్న పొయ్యి వెలిగించేవాళ్లు లేని ఇంట్లో చద్దన్నం పెరుగుతో పాటు గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లు, బెల్లం ముక్క, ఒక చక్కెరకేళి ఉంచి వెళ్లండి. వట్టి టీలో బిస్కెట్లు ముంచుకుని వచ్చిన పిల్లలకు పదింటికల్లా ఆకలేస్తుంది.

నిద్ర సరిపోతున్నా పిల్ల నీరసంగా ఉంటే, మెట్లెక్కితే ఆయాసపడుతుంటే, బద్ధకమని అనేముందు పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. డెసిలీటరు రక్తంలో అది 5 నుంచి 11 ఏళ్ల వాళ్లకు 11.5 గ్రాములకంటే, 12 నుంచి 14 ఏళ్ల వాళ్లకు 12 గ్రాములకంటే తక్కువుంటే రక్తహీనత. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కడుపులో తిప్పుతోందని కొందరు దాన్ని పారేస్తున్నారు. ఖాళీ కడుపుతో మింగితేనే ఎక్కువగా అలా అవుతుంది, అందుకే భోజనం తర్వాత ఇస్తున్నాం. మలం నల్లగా వస్తే భయం లేదు. మాత్రకూ టీకీ కనీసం గంట ఎడం ఉండాలి, టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండితే ఇనుము బాగా పడుతుంది. పొయ్యి మీద ఉండగానే పిండితే సి విటమిన్ వేడికి తగ్గిపోతుంది.

ఆట రోజుకు గంట. వాన రోజుల్లో వసారాలో తాడాట ఆడినా సరే.

మనసు సంగతి. పరీక్ష కాగితం ఇంటికొచ్చినప్పుడు "ఎన్నొచ్చాయి?" తర్వాత "ఎదురింటివాడికెన్ని?" అని అడగకండి. "ఏ లెక్క దగ్గర ఆగిపోయావు? ఈసారి ఎలా చేద్దాం?" అని అడగండి. పిల్లవాడు మార్చుకోగలిగింది చదివే పద్ధతినే. పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాసి, తర్వాత తెరిచి సరిచూసుకోమనండి. నాలుగుసార్లు చదవడం కంటే అది మేలు. పరీక్ష భయానికి గుండె దడదడలాడుతుంటే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. అలా ఐదు నిమిషాలు. పరీక్ష రోజే మొదలుపెడితే కుదరదు, వారం ముందు నుంచి పడుకునేముందు అలవాటు చేయించండి.

రెండు వారాలకు పైగా పిల్ల ముభావంగా ఉన్నా, తిండి, నిద్ర మారినా, స్నేహితుల్ని తప్పించుకు తిరుగుతున్నా మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీరే చేసి సలహా అడగవచ్చు. పిల్లలు ఇబ్బందిలో ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి చేయండి. "చచ్చిపోతా" అన్న మాట పిల్లల నోట వస్తే బెదిరింపనుకోకండి, ఒంటరిగా వదలకండి. సూటిగా, నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందన్న భయం అవసరం లేదు.

ఈ సీజన్లో ప్రతి రైతు ఇంట్లోనూ పురుగుమందు, కలుపుమందు ఉంటాయి. వాటిని తాళం వేసిన పెట్టెలో పెట్టి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉంచండి. మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి చూరులో పెట్టడం ఇవాళే మానేయండి. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు పట్టించకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, మందు డబ్బాను లేబుల్‌తో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆగస్టు 10 నులిపురుగుల నివారణ దినం. 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రను మధ్యాహ్న భోజనం తర్వాత టీచర్ల ఎదుటే నమిలి మింగిస్తాం. ఆ రోజు జ్వరంగా ఉన్నవాళ్లకు ఇవ్వం. వాళ్ల సంగతి ముందుగా తరగతి ఉపాధ్యాయులకు చెప్పండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు