పాత మ్యూజియం భవనాలకు సొంత నిర్వహణ ఇంజనీరు ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం వస్తోంది. ఏటా ఆ రోజున మీ పత్రికతో సహా అన్ని పత్రికలూ మన మ్యూజియంలలోని శిల్పాల గురించీ, నాణేల గురించీ, తాళపత్రాల గురించీ మంచి వ్యాసాలు వేస్తాయి. వాటిని ఇష్టంగా చదువుతాను. అయితే ఆ వస్తువులన్నిటికీ పైన ఒక కప్పు, చుట్టూ గోడలు, గోడల వెంట కరెంటు తీగలు ఉంటాయనీ, వాటిని కనిపెట్టి చూసుకునే మనిషి ఒకరు ఉండాలనీ చెప్పిన వ్యాసం ఇంతవరకు నా కంట పడలేదు. దినోత్సవం ముగిసిన మూడు నాలుగు వారాలకే తొలకరి మొదలవుతుంది కనుక ఈ ఉత్తరం ఇప్పుడే రాస్తున్నాను.

నేను వందేళ్ళు దాటిన ఒక మ్యూజియం భవనంలో 22 ఏళ్ళు నిర్వహణ ఇంజనీరుగా పనిచేశాను. నా పదవీ విరమణ తరువాత ఆ పోస్టును భర్తీ చేయలేదు. ఏడాదికోసారి టెండరు పిలిచి, అందరికన్నా తక్కువ రేటు వేసిన ఏజెన్సీకి ఆ పని అప్పగిస్తున్నారు. ఆ ఏజెన్సీల కింద పనిచేసే కుర్రవాళ్ళను నేను తప్పుపట్టను, వాళ్ళలో పనిమంతులు ఉన్నారు. కానీ భవనం గుట్టుమట్లు తెలుసుకునేలోగా వాళ్ళ గడువు తీరిపోతుంది.

సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో సాలార్‌జంగుల పాత నివాసమైన దివాన్ దేవిడీలో మొదలై, 1968లో ఇప్పుడున్న భవనంలోకి మారింది. అన్ని మ్యూజియంలకూ అలా మారే వీలుండదు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం 1920లో కట్టిన భవనంలో ఉంది. విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం, అంటే పూర్వపు విక్టోరియా జూబిలీ మ్యూజియం, 1887లో శంకుస్థాపన జరిగిన కట్టడం. 1921లో అఖిల భారత కాంగ్రెస్ సమావేశాల సందర్భంగా పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించింది అక్కడే. ఇటువంటి చోట్ల అద్దాల బీరువాలోని వస్తువుతో పాటు ఆ బీరువా నిలబడిన గదిని కూడా కాపాడుకోవలసి ఉంటుంది.

ఆ కాలపు మిద్దెలలో చాలావాటికి కాంక్రీటు స్లాబు ఉండదు. టేకు దూలాల మీద ఇటుకలను అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చి, సున్నంతో బిగించి, దానిపైన ఇటుక జల్లీ సున్నమూ కలిపి పోసి దిమ్మిసతో గట్టిపరిచి, అన్నిటికన్నా పైన పలకలు పరిచేవారు. దీన్నే మద్రాసు టెర్రస్ అంటారు. సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపేవారు. అటువంటి కప్పు మీద నీరు నిలవకుండా చూసుకుంటే తరాల తరబడి చెక్కుచెదరదు, నిలవనిస్తే మాత్రం దూలాల చివరలు గోడలో దిగిన చోట నాని, లోలోపలే పుచ్చిపోతాయి.

ఒక జూలైలో రాత్రి రెండు గంటలకు కాపలాదారు ఫోను చేసి, తాళపత్రాల గదిలో చుక్కలు పడుతున్నాయని చెప్పాడు. నేను వెళ్ళేసరికి గోడ వెంట సన్నటి ధార బీరువా వెనక్కి జారుతోంది, మేడ మీద నీళ్ళు పిక్కల దాకా నిలిచాయి. ఆ వైపున్న నాలుగు తూములలో మూడు నిండుగా పారుతున్నా వాన ఉద్ధృతికి చాలడం లేదు. నాలుగో తూము నీరు గోడ లోపల పెట్టిన ఇనుప గొట్టం గుండా కిందికి పోవాలి. ఆ గొట్టం మా దగ్గరున్న ఏ నక్షాలోనూ లేదు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, అప్పటికే డెబ్బై దాటిన ఒక మేస్త్రీ గారు గోడను సుత్తి పిడితో తట్టి, బోలుగా మోగిన చోటును చూపించబట్టి నాకు తెలుసు. అందులో ఇరుక్కున్న పావురాల గూళ్ళనూ, అంతకు వారం ముందు మేడ మీద జరిగిన ఒక కార్యక్రమంలో వదిలేసిన ప్లాస్టిక్ షీటునూ లాగేశాక పావుగంటలో నీళ్ళన్నీ దిగిపోయాయి. తెల్లవారేలోగా తాళపత్రాలను పొడిగదిలోకి చేర్చాం. ఒక్క ఆకు కూడా పాడవలేదు. నేను పదవీ విరమణ చేసేటప్పుడు ఆ గొట్టం జాడ కొత్త సూపర్‌వైజరుకు చూపించి వచ్చాను. పదకొండు నెలలకు ఆయన కూడా మారిపోయారని విన్నాను.

ఇక చెమ్మ సంగతి. మ్యూజియం గదులలో గాలి తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలనీ, ఒక రోజులో పది శాతానికి మించి అటూ ఇటూ ఊగరాదనీ అంతర్జాతీయ సంరక్షణ నిపుణుల సంఘాలు 2014లో సిఫారసు చేశాయి. కరెంటు బిల్లు తగ్గించడానికని సందర్శకులు వెళ్ళగానే ఏసీలు ఆపేసి, మళ్ళీ ఉదయం తలుపులు తెరిచేటప్పుడు వేసే అలవాటు నేను చాలాకాలం చూశాను. వానాకాలపు రాత్రి గదిలోకి చేరిన తేమను కొయ్య బొమ్మ పీల్చుకుని ఉబ్బుతుంది, పగటి చల్లదనానికి ఆరి ముడుచుకుంటుంది. ఇలా రోజూ జరిగితే కొయ్య నెర్రెలు విచ్చుతుంది, రంగు పొరలు పొరలుగా లేస్తుంది, కాగితానికి బూజు పడుతుంది. ఏసీ అసలే లేని గదిలో, మందపాటి సున్నపు గోడల మధ్య, ఆ వస్తువు ఇంతకన్నా సుఖంగా ఉండేది. రాష్ట్ర మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీని 2016లో నత్రజని నింపిన, ఆక్సిజన్ చొరబడని పేటికలోకి మార్చారు. అంత శ్రద్ధ తీసుకున్నందుకు సంతోషం. పేటికకు నోచుకోని వేలాది వస్తువులకు మాత్రం ఆ గది గాలే దిక్కు. తేమ కొలిచే మీటరును రోజుకు రెండుసార్లు చూసి పుస్తకంలో రాసే మనిషి లేకపోతే, ఎప్పుడు ఏం జరిగిందో ఎవరికీ తెలియదు.

తెలియనితనంతో చేసే మరమ్మతు వల్ల కలిగే హాని ఇంకా పెద్దది. సున్నపు గోడ తనలోకి చేరిన చెమ్మను మెల్లగా బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, పైపైకి ఎక్కి, ఉప్పు పొంగి, పూతతో పాటు పాత సున్నాన్నీ ఊడదీస్తుంది. నా కళ్ళెదుటే ఒక కాంట్రాక్టరు ఒక పొడవాటి గోడకు నున్నగా సిమెంటు పూసి బిల్లు తీసుకున్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి పూత ఉబ్బింది, ఆ గోడకు వేలాడదీసిన చిత్రపటాల వెనుక అట్టలకు బూజు పట్టింది. కాగితం మీద చూస్తే ఆ పని సక్రమంగానే జరిగింది.

అగ్ని ప్రమాదాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 2016 ఏప్రిల్ 26 తెల్లవారుజామున ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం కాలిపోయింది. 2018 సెప్టెంబరు 2 రాత్రి బ్రెజిల్ జాతీయ మ్యూజియం బూడిదయింది. అక్కడ మంట ఒక ఏసీ యంత్రం దగ్గర మొదలైందని దర్యాప్తులో తేలింది. ఆర్పడానికి వచ్చినవారికి దగ్గరలోని హైడ్రెంట్లలో, అంటే ఫైరింజన్లకు నీళ్ళిచ్చే కుళాయిలలో, చాలినంత నీరు దొరకలేదు. ఫైరింజను రాగానే మెయిన్ స్విచ్ ఎక్కడ, తాళాలు ఎవరి దగ్గర, నీళ్ళు ఎక్కడ అని అడుగుతారు. అర్ధరాత్రి ఆ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవారు ప్రతి మ్యూజియంలోనూ ఉండాలి.

2017లో తెలంగాణ తెచ్చిన వారసత్వ చట్టం పేరులోనే ‘నిర్వహణ’ అనే మాట ఉంది. ఆ మాటకు తగ్గట్టుగా ప్రతి చారిత్రక మ్యూజియం భవనానికీ ఒక శాశ్వత నిర్వహణ ఇంజనీరు పోస్టునూ, ఆయన కింద సున్నపు పని తెలిసిన ఒక మేస్త్రీనీ, ఒక ఎలక్ట్రీషియన్‌నూ మంజూరు చేయాలి. లిఫ్టులనూ పంపులనూ కాంట్రాక్టుకు ఇస్తే నాకు అభ్యంతరం లేదు. కప్పు, గోడలు, వైరింగు మాత్రం సంస్థ సొంత మనుషుల చేతిలోనే ఉండాలి. చిన్న మరమ్మతుకు టెండరు కోసం వేచి ఉండనవసరం లేకుండా కొంత సొమ్ము ఆ ఇంజనీరు చేతిలో ఉంచాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నా విన్నపం ఇదే.

పోస్టుల మంజూరుకు కాలం పడుతుందని ఉద్యోగం చేసినవాడిగా నాకు తెలుసు. ఈలోగా, జూన్ మొదటి వారం దాటకుండా, ప్రతి పాత మ్యూజియం మేడ మీదికీ ఒక ఇంజనీరునూ ఒక మేస్త్రీనీ పంపి, తూములన్నీ తెరిపించి, ఒక్కొక్క దానిలో రెండేసి బిందెల నీళ్ళు పోయించి, అవి కింద ఎక్కడ బయటికి వస్తున్నాయో చూసి నక్షాలో గుర్తు పెట్టించమని రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నేను పనిచేసిన భవనం వారు కబురు చేస్తే, నా ఖర్చులతోనే వచ్చి ఆ నాలుగో తూము గొట్టం ఎక్కడుందో చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత నిర్వహణ ఇంజనీరు,
హైదరాబాదు