మా అమ్మ గదికి ఎండ రాదు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకు 78 ఏళ్లు. నాన్న పోయాక, రెండేళ్ల కిందట తెనాలి దగ్గరి మా ఊరి నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాం. ఊళ్లో ఉన్నన్నాళ్లూ తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టేది. పొద్దెక్కేదాకా అరుగు మీద కూర్చుని కూర తరిగేది. రాత్రి ఏడున్నరకు భోజనం, ఎనిమిదిన్నరకల్లా నిద్ర.

మా ఫ్లాట్‌లో ఆమెకిచ్చిన గది కిటికీ డక్ట్‌లోకి తెరుచుకుంటుంది. బాత్రూమ్ పక్కనే కదా, వీలుగా ఉంటుందని ప్రేమతోనే ఇచ్చాం. పగలు పదింటికీ ట్యూబ్‌లైట్ వేసుకోవాలి. మా అబ్బాయిది అమెరికా టైమ్ ఉద్యోగం, హాల్లో అర్ధరాత్రి దాటినా లైట్లుంటాయి. మా భోజనాలు పదింటికి. ఏడాది తిరిగేసరికి అమ్మ పగలంతా కునికిపాట్లు, రాత్రి రెండింటికి లేచి మంచం మీద కూర్చోవడం. "తెల్లారిందా అమ్మాయ్?" అని పిలిచేది.

వయసు మీద పడిందనుకున్నాం. ఆవకాయ సీసా మూత తిప్పలేక నా చేతికిచ్చిన రోజూ అలాగే అనుకున్నాను. సబ్బు రాస్తే తప్ప రాని గాజులు మోచేతి దాకా జారుతుంటే అప్పుడు భయం వేసింది. బరువు చూస్తే ఆరు కిలోలు తగ్గింది.

ఆ తర్వాత జ్వరంతో ఆరు రోజులు ఆసుపత్రి. వార్డులో రాత్రంతా నెత్తిమీద లైట్లు. తెల్లవారుజామున మూడింటికి లేపి రక్తం తీశారు. జ్వరం తగ్గింది గానీ, ఇంటికొచ్చాక ఎవరూ పట్టుకోకుండా మంచం దిగలేకపోయింది.

చివరికి పెద్దవాళ్లను చూసే ఒక డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. "పొద్దున కాసేపు ఎండలో కూర్చుంటారా?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. మెదడులో ఒక గడియారం ఉంటుందనీ, పొద్దుటి వెలుగే దాన్ని రోజూ సరిచేస్తుందనీ, నిద్ర, ఆకలి, ఒంటి వేడి, బీపీ దాన్నిబట్టే నడుస్తాయనీ చెప్పారు. శరీరంలోని ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినవాళ్లకే 2017లో నోబెల్ వచ్చింది. వయసుతో అది బలహీనపడుతుంది. శుక్లాలుంటే కంట్లోకి వెలుగూ తక్కువే. రాత్రి నిద్ర లేనివాళ్లు పగలు కదలరు, కదలకపోతే కండ కరుగుతుంది, ఆకలి చస్తుంది. అనుకోకుండా బరువు తగ్గడం, నీరసం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలికలు తగ్గడం: ఈ ఐదింటిలో మూడు కనిపిస్తే జాగ్రత్తపడాలన్నారు. అమ్మకు ఐదూ ఉన్నాయి.

మా పడకగది తూర్పు వైపు. అది అమ్మకిచ్చేసి డక్ట్ గదిలోకి మేం మారాం. శుక్లాల ఆపరేషన్ చేయించాం. పొద్దున ఏడింటికి బాల్కనీలో కుర్చీ, రాత్రి ఏడున్నరకు భోజనం. నాలుగు నెలల్లో రెండు కిలోలు పెరిగింది. చేతికర్ర ఇంకా కావాలి. కానీ మొన్న బాల్కనీ గచ్చు మీద సుద్దముక్కతో నాలుగు చుక్కల ముగ్గు వేసింది, వంగి కాదు, పీట మీద కూర్చుని.

మీ పత్రిక ద్వారా ఆసుపత్రుల వాళ్లను ఒక్కటే వేడుకుంటున్నాను. రాత్రి పదింటికి వార్డుల్లో పెద్ద లైట్లు తీసేయండి. అత్యవసరం కాని రక్తపరీక్షలకు తెల్లారేదాకా ఆగండి. పగలు ముసలివాళ్ల మంచం కిటికీ పక్కకు జరపండి.

- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్