బెల్టు బిగువు గురించి నాన్నగారికి

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

నేను క్షేమంగా ఉన్నాను. పని ఎప్పటిలాగే సాగుతోంది. పైఅధికారి మాటకు అడ్డుచెప్పానని అన్నయ్య ద్వారా విని మీరు దిగులుపడుతున్నారని అమ్మ ఫోనులో చెప్పింది కనుక, జరిగినది వివరంగా రాస్తున్నాను.

వాన కురిసిన ఆ ఉదయం నిండు లోడుతో కన్వేయరును, అంటే సరుకును బెల్టు మీద మోసుకెళ్లే యంత్రాన్ని, నడపబోతే, బెల్టును లాగే డ్రైవ్ పుల్లీ తిరుగుతూనే ఉన్నది గాని బెల్టు కదలలేదు. కాలిన రబ్బరు వాసన వచ్చింది. పుల్లీ కింద నల్లటి పొడి రాలింది. బెల్టును బిగువుగా ఉంచే బరువు, అంటే కౌంటర్ వెయిట్ మీద మరికొన్ని దిమ్మలు వేయమని పైఅధికారి అన్నారు. లెక్క చూడకుండా వేయలేనని మర్యాదగానే చెప్పాను.

మా బెల్టు 800 మిల్లీమీటర్ల వెడల్పు, మిల్లీమీటరుకు 400 న్యూటన్ల బలం గలది. అందులో పదో వంతునే వాడుకోవాలి కాబట్టి 32 కిలోన్యూటన్లే దాని హద్దు. 30 కిలోవాట్ల శక్తితో సెకనుకు 2 మీటర్ల వేగాన బెల్టును నడిపితే లాగే బలం 15 కిలోన్యూటన్లు. పుల్లీ మీద రబ్బరు లాగింగు, అంటే పట్టు కోసం వేసే తొడుగు, బాగుండి ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.35 ఉంటే, బెల్టు పుల్లీని సగం చుట్టు తాకినప్పుడు, పుల్లీకి లోడు లాగే బిగువు వైపున ఉన్న బలం రెండో వైపైన వదులు వైపు బలానికి మూడింతలు అయ్యేదాకా బెల్టు జారదు. అంటే వదులు వైపు 7.5, బిగువు వైపు 22.5 కిలోన్యూటన్లు చాలు. స్టార్టింగులో లాగే బలం ఒకటిన్నర రెట్లవుతుంది కనుక వదులు వైపు 11.25 ఉంచుతాము, అప్పుడు కొద్ది క్షణాలు మాత్రమే బిగువు 32ను కాస్త దాటుతుంది.

అయితే కవరు తీసి చూస్తే లాగింగు అరిగి, నున్నటి ఇనుము తడిసి మెరుస్తోంది. తడి ఇనుము మీద గుణకం 0.1కి పడిపోతుంది. అప్పుడు జారకుండా ఉండాలంటే వదులు వైపే 40కి పైగా కావాలి, బిగువు వైపు 55 దాటుతుంది. దిమ్మలు వేసి ఉంటే జారడం ఆగేదేమో గాని, బెల్టు అతుకు తెగి కింద ఉన్నవారి మీద పడే ప్రమాదం ఉండేది. ఇది తెలిసీ నేనెలా ఊరుకోగలను?

లెక్క చూపగానే వారు ఒప్పుకున్నారు. కొత్త లాగింగు వేశాము, దిమ్మలు ముట్టుకోలేదు. మర్నాడు వానలోనే నిండు లోడుతో నడిపి, పుల్లీ అంచు వేగం, బెల్టు వేగం రెండూ కొలిచాను, సమానంగా ఉన్నాయి.

పుల్లీ దగ్గరకు వెళ్లేముందు కరెంటు ఆపి, స్విచ్చికి నా తాళం వేసి, తాళంచెవి నా జేబులోనే ఉంచుకుంటాను. ఈ ముక్క అమ్మకు తప్పక చదివి వినిపించండి. రెండు పుల్లీలతో లాగించే పద్ధతి గురించి మీరడిగిన లెక్క వచ్చే ఉత్తరంలో రాస్తాను.

మీ కుమారుడు